బాడుగ కోసం ఇల్లు కొనేముందు వేయాల్సిన లెక్క: నెల్లూరు, ఒంగోలు వాళ్ళ కోసం

మా నెల్లూరులో ఎవరికైనా రిటైర్మెంట్ డబ్బు చేతికి రాగానే నలుగురూ చెప్పే మాట ఒకటే. "ఒక ఫ్లాటు కొని బాడుగకిచ్చెయ్, నెలనెలా డబ్బులు వస్తుంటాయి." నేనూ ఆ మాట విన్నాను. 2017లో పొదలకూరు రోడ్డు వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు 38 లక్షలకు కొన్నాను. నెలకు 12,000 బాడుగ అంటే ఏడాదికి 1,44,000. దాన్ని 38 లక్షలతో భాగిస్తే 3.8 శాతం వస్తుంది, పైగా ధర ఎలాగూ పెరుగుతుంది అనుకుని సంతోషపడ్డాను.

ఏడాది గడిచాక కూర్చుని పుస్తకంలో రాసుకుంటే లెక్క వేరుగా తేలింది. రిజిస్ట్రేషన్, మరమ్మతులు అన్నీ కలిపి నేను పెట్టింది 42 లక్షలు. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. లిఫ్టు రిపేరులో నా వాటా 18,000, రంగులకు 26,000, ఇంటిపన్ను 5,000. చేతికి మిగిలింది 71,000, అంటే 1.7 శాతం. పాత ఓనరు అసోసియేషన్‌కు కట్టకుండా వదిలేసిన బకాయి కూడా నా మీదే పడింది కానీ, అది ఇందులో కలపలేదు.

అప్పటినుంచి బంధువులు ఎవరు ఇల్లు చూపించినా ఈ కింది వరుసలోనే లెక్క వేసి చూస్తున్నాను. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. ఇందులోని ధరలు, బాడుగలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. మీరు చూస్తున్న ఇంటి అంకెలు అక్కడ పెట్టుకోండి.

మొదటి అడుగు: అంకణమా, గజమా, చదరపు అడుగా?

ధర చెప్పగానే కొలత అడగండి. నెల్లూరులో స్థలం అంకణాల్లో చెబుతారు. మన అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఎకరానికి 605 అంకణాలు. తిరుపతి, చిత్తూరు వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులే. అక్కడి నుంచి వచ్చి ఇక్కడ కొనేవాళ్ళు, ఇక్కడి నుంచి వెళ్ళి అక్కడ కొనేవాళ్ళు ఈ ఒక్క మాట దగ్గరే పొరబడతారు. ఒంగోలులో గజాల లెక్క నడుస్తుంది. రెండు ఊళ్ళలో ఇళ్ళు పోల్చి చూస్తుంటే అన్నింటినీ గజాల్లోకి మార్చుకోండి.

ఫ్లాటు విషయంలో 1,100 చదరపు అడుగులు అని చెబితే అందులో గోడలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసి ఉంటాయి. దానికంటే ముఖ్యంగా అడగాల్సింది యూడీఎస్, అంటే అపార్ట్‌మెంటు కట్టిన స్థలంలో మీ పేరున రిజిస్టరయ్యే వాటా ఎన్ని గజాలు అని. చాలామంది ఈ అంకె అడగకుండానే అడ్వాన్సు ఇచ్చేస్తారు. నాలుగో అడుగులో లెక్క అంతా దీని మీదే తిరుగుతుంది.

రెండో అడుగు: మొత్తం పెట్టుబడి రాయండి

ఓనరు చెప్పే ధరతో పెట్టుబడి అయిపోదు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. ఇంకా కడుతున్న ఫ్లాటు కొంటే జీఎస్టీ 5 శాతం. కార్పెట్ ఏరియా (ఫ్లాటు లోపల వాడుకునే నేల) 90 చదరపు మీటర్ల లోపు, ధర 45 లక్షల లోపు ఉంటే 1 శాతం. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ లేదు.

ఒక కొత్త ఫ్లాటు తీసుకుందాం. ధర 42 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 3,15,000. బ్రోకరుకు ఒక శాతం, 42,000. వకీలు చేత కాగితాలు చూపించడానికి, దస్తావేజు రాయించడానికి 18,000. కబోర్డులు, గ్రిల్స్, గీజరు, ఫ్యాన్లు, దోమల మెష్ కలిపి 1,25,000. మెష్ లేకపోతే మా ఊళ్ళో ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ముందు అదే అడుగుతారు. అన్నీ కూడితే సరిగ్గా 47 లక్షలు.

ఇకమీదట ఏ శాతం లెక్క వేసినా ఈ 47 లక్షల మీదే వేయాలి.

బ్యాంకు లోను తీసుకునేవాళ్ళకు ఒక మాట. రిజిస్ట్రేషన్ ఖర్చులను బ్యాంకులు సాధారణంగా ఇంటి విలువలో కలపవు. మార్జిన్ మనీతో (ఇంటి ధరలో లోను పోగా మనం వేసుకోవాల్సిన వాటా) పాటు ఆ మూడు నాలుగు లక్షలు కూడా మీ చేతి నుంచే తీయాలి. చాలామంది చివరి వారంలో దీనికోసమే చేబదులు వెతుక్కుంటూ టెన్షన్ పడతారు.

మూడో అడుగు: చేతికి నిజంగా ఎంత మిగులుతుంది?

ఆ ఫ్లాటుకు నెలకు 13,000 బాడుగ అనుకుందాం. ఏడాదికి 1,56,000. 42 లక్షల మీద 3.7 శాతం. బ్రోకరు చెప్పే అంకె ఇదే. ఇందులోంచి తీసేయాల్సినవి ఉన్నాయి.

అన్నింటికంటే పెద్దది ఖాళీ నెలలు. మన దగ్గర ఇల్లు మారేవాళ్ళు ఎక్కువగా పిల్లల చదువులను బట్టి మారతారు. ఉదయగిరి, ఆత్మకూరు, పొదలకూరు వైపు నుంచి పిల్లల్ని చదివించడానికి నెల్లూరు వచ్చే కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు చూసుకుని జూన్‌కల్లా దిగిపోతారు. ఆ తర్వాత ఆషాఢం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, ఈ మూడు నెలల్లో కొత్తింట్లో పాలు పొంగించేవాళ్ళు తక్కువ. మీ ఇల్లు జూలై మొదట్లో ఖాళీ అయిందంటే ఒక నెల బాడుగ పోయినట్టే లెక్క వేసుకోండి. అందుకే నేను అగ్రిమెంటు ఎప్పుడు మొదలుపెట్టినా ఏప్రిల్ లేదా మే నెలలో ముగిసేలా చూసుకుంటాను. సగటున ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే 13,000 పోతుంది, 1,43,000 మిగులుతుంది.

ఓనర్లు పెట్టే షరతుల వల్ల కూడా ఖాళీ పెరుగుతుంది. ఫలానా తిండి తినేవాళ్ళకే, ఫలానావాళ్ళకే ఇస్తాం, బ్యాచిలర్లకు ఇవ్వం, పెద్ద కుటుంబం వద్దు అంటూ ఒక్కో షరతు చేర్చేకొద్దీ వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. మనిషిని మనిషిగా చూసి, ఉద్యోగం, పాత ఇంటి ఓనరు మాట కనుక్కుని ఇవ్వడం మర్యాద. లెక్క ప్రకారం లాభం కూడా.

మిగతా ఖర్చులు: ఇంటిపన్ను 6,000. చిన్నా పెద్దా మరమ్మతులకు 10,000. మూడేళ్ళకోసారి రంగులు వేయిస్తే 30,000 కాబట్టి ఏడాదికి 10,000. అద్దెవాళ్ళను తెచ్చినందుకు బ్రోకరుకు ఇచ్చేది రెండేళ్ళకోసారి అనుకుంటే ఏడాదికి 5,000. ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్ 1,500. ఇన్సూరెన్స్ 2,500. మొత్తం 35,000.

మన మునిసిపాలిటీల్లో ఇంటిపన్నును 2021 నుంచి ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు, అంతకుముందు అద్దె విలువను బట్టి వేసేవారు. కాబట్టి రిజిస్ట్రేషన్ శాఖ మార్కెట్ విలువ పెరిగితే పన్ను కూడా కదులుతుందని గుర్తుపెట్టుకోండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ ఉంటుంది.

1,43,000 నుంచి 35,000 తీస్తే 1,08,000, నెలకు 9,000. 47 లక్షల మీద 2.3 శాతం. బ్రోకరు చెప్పిన 3.7 ఇలా 2.3కు దిగింది.

నాలుగో అడుగు: లోటు శాతం

ఇదొక్కటి చేయకుండా ఎవరూ ఇల్లు కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

అదే 47 లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ వేస్తే 6.5 శాతం వస్తుందనుకోండి. ఏడాదికి 3,05,500. ఇల్లు ఇచ్చేది 1,08,000. తేడా 1,97,500. ఈ తేడాను పూడ్చాల్సింది ఇంటి ధర పెరుగుదలే. 1,97,500ను ఇంటి ధర 42 లక్షలతో భాగిస్తే 4.7 శాతం. దీన్నే నేను లోటు శాతం అంటాను. ఏటా ఇల్లు కనీసం 4.7 శాతం పెరిగితేనే మీరు ఎఫ్‌డీతో సమానం. అంతకంటే పెరిగితే లాభం, తగ్గితే నష్టం.

మరి ఆ ఫ్లాటు అంత పెరుగుతుందా? ఇక్కడే యూడీఎస్ కావాలి. పెరిగేది భూమి, కట్టడం పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది. ఈ ఫ్లాటు వాటా 40 గజాలు, అంటే 5 అంకణాలు అనుకుందాం. అక్కడ గజం 30,000 అయితే భూమి విలువ 12 లక్షలు. మిగతా 30 లక్షలు సిమెంటు, ఇనుము, టైల్స్, బిల్డరు లాభం. భూమి ఏటా 8 శాతం పెరిగిందని ఉదారంగానే వేసుకున్నా పదేళ్ళకు 12 లక్షలు దాదాపు 26 లక్షలవుతుంది. కట్టడం 30 నుంచి 24కు తగ్గిందనుకోండి. మొత్తం 50 లక్షలు. 42 నుంచి 50కి పదేళ్ళు అంటే ఏటా 1.8 శాతం. కావాల్సింది 4.7, వచ్చేది 1.8.

ఇప్పుడు అదే వీధిలో పదిహేనేళ్ళ పాత ఫ్లాటు చూద్దాం. ధర 26 లక్షలు. రిజిస్ట్రేషన్ 1,95,000, బ్రోకరు 26,000, వకీలు 14,000, బాత్రూములు, వైరింగు బాగుచేయించడానికి 1,65,000. మొత్తం 30 లక్షలు. బాడుగ 11,000. కొత్తదానికంటే ధర 16 లక్షలు తక్కువ, బాడుగ మాత్రం రెండు వేలే తక్కువ. స్కూలు దగ్గర, నీళ్ళు బాగా వస్తే చాలు అనుకునే కుటుంబం ఇటాలియన్ మార్బుల్‌కు అదనంగా డబ్బు ఇవ్వదు. ఒక నెల ఖాళీ, 38,000 ఖర్చులు తీసేస్తే ఏడాదికి 83,000 మిగులుతుంది, 2.8 శాతం. ఎఫ్‌డీ అయితే 1,95,000. తేడా 1,12,000, లోటు శాతం 4.3.

అప్పట్లో మూడంతస్తులే కట్టడం వల్ల యూడీఎస్ 50 గజాలు ఉందనుకోండి. భూమి 15 లక్షలు, కట్టడం 11 లక్షలు. అదే 8 శాతంతో భూమి పదేళ్ళకు 32 లక్షలు దాటుతుంది, కట్టడం 5 లక్షలకు దిగినా మొత్తం 37 లక్షలు పైనే. ఏటా 3.7 శాతం. ఇదీ పూర్తిగా పూడ్చలేదు కానీ దగ్గరికి వచ్చింది. బేరమాడి రెండు లక్షలు తగ్గించుకోగలిగితే సరిపోతుంది.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ లెక్కలో బాడుగ పెరుగుదల లేదు. ఏటా 5 శాతం పెంచుకుంటూ పోతే 13,000 పదేళ్ళకు 21,000 దాటుతుంది. ఎఫ్‌డీ వడ్డీని వాడుకుంటూ పోతే అది అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్ళు అమ్మకుండా ఉంచుకునేవాళ్ళకు ఇల్లు ఈ లెక్క చూపిస్తున్నదానికంటే కొంత మెరుగే. అయిదారేళ్ళలో పిల్ల పెళ్ళికి అమ్ముదామనుకునేవాళ్ళకు ఆ మెరుగు అందదు.

ఐదో అడుగు: మీ మిద్దె మీద చూశారా?

సొంత ఇల్లు ఉన్నవాళ్ళు బయట ఫ్లాటు వెతికేముందు ఒకసారి మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్ళి చూడండి. పిల్లర్లు పై అంతస్తు మోయగలవని ఇంజినీరు చెబితే, ప్లాన్ అప్రూవల్ వస్తే, వెయ్యి అడుగుల పోర్షన్‌కు అడుగుకు 1,900 చొప్పున 19 లక్షలు. ప్లాన్, కరెంటు మీటరు, బయట మెట్లు కలిపి 21 లక్షలు అనుకుందాం. బాడుగ 10,000. ఒక నెల ఖాళీ, 20,000 ఖర్చులు పోగా 90,000 మిగులుతుంది, 4.3 శాతం. స్థలం కొనక్కర్లేదు కాబట్టే ఇంత తేడా. రిజిస్ట్రేషన్ ఖర్చూ లేదు. అద్దెవాళ్ళు కళ్ళ ముందే ఉంటారు.

దీనికీ లోపం ఉంది. ఆ పోర్షన్‌ను విడిగా అమ్మడం కష్టం. కట్టడం కాబట్టి దాని విలువ ఏటా తగ్గుతుంది. కాబట్టి నెలనెలా ఆదాయం కావాల్సినవాళ్ళకు ఇది మంచిది, ఆస్తి పెరగాలనుకునేవాళ్ళకు అంత సరిపోదు. ప్లాన్ లేకుండా మాత్రం కట్టకండి. పన్నులో అదనపు జరిమానా పడుతుంది, రేపు మొత్తం ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళ బ్యాంకు లోను ఇవ్వదు.

ఆరో అడుగు: అప్పు చేసి కొనాలా?

47 లక్షల్లో 25 లక్షలు లోను, 8 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు అనుకుందాం. ఈఎంఐ 20,900. బాడుగలో మిగిలేది 9,000. నెలకు దాదాపు 12,000 మీ జీతం నుంచి వేయాలి, ఖాళీ నెలలో అంతా మీదే. మొదటి ఏడాది కట్టిన రెండున్నర లక్షల్లో దాదాపు 1,98,000 వడ్డీకే పోతుంది. 8 శాతానికి తెచ్చిన డబ్బును 2.3 శాతం ఇచ్చే ఆస్తిలో పెట్టడం ఇది. "బాడుగే ఈఎంఐ కట్టేస్తుంది" అని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించమనండి. తాము ఉండటానికి కొనుక్కునేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు బాడుగ మిగులుతుంది, మనశ్శాంతి ఉంటుంది. బాడుగకివ్వడానికి మాత్రం సగానికి మించి అప్పు చేయొద్దని నేను మా వాళ్ళకు గట్టిగా చెబుతాను.

ఏడో అడుగు: ఆదాయపు పన్ను

ఇక్కడ మాత్రం ఇంటికి కాస్త అనుకూలం. వచ్చిన బాడుగ నుంచి మీరు కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మినహాయిస్తారు. మీరు మరమ్మతులకు ఎంత ఖర్చుపెట్టారన్నదానితో దీనికి సంబంధం లేదు. మన ఉదాహరణలో 1,43,000 నుంచి 6,000 పోతే 1,37,000, అందులో 30 శాతం పోతే 95,900 మీదే పన్ను. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో దాదాపు 20,000. ఎఫ్‌డీ వడ్డీకి అలాంటి మినహాయింపు లేదు, 3,05,500 మొత్తం మీద 63,500 పోతుంది. పన్ను తర్వాత ఇల్లు 88,000, ఎఫ్‌డీ 2,42,000. లోటు శాతం 4.7 నుంచి 3.7కు తగ్గింది. పన్ను శ్లాబు పెద్దదైన కొద్దీ ఇల్లు మెరుగవుతుంది, పన్నే పడని పెద్దవాళ్ళకు ఈ ఊరట లేదు.

లోను వడ్డీని బాడుగ ఆదాయం నుంచి తీసేయొచ్చు. కానీ వడ్డీ ఎక్కువై నష్టం చూపిస్తే, పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతంలో సర్దుకోవచ్చు, కొత్త విధానంలో అది కుదరదు. 2024 జూలై 23న గానీ ఆ తర్వాత గానీ కొన్న ఇంటిని రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపించే వెసులుబాటు) లేకుండా 12.5 శాతం పన్ను.

ఎనిమిదో అడుగు: వానలో చూడండి, ఎండలో చూడండి

అంకెలు కుదిరాక ఇల్లు చూడటానికి రెండుసార్లు వెళ్ళండి. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ రోజుల్లో ఒకసారి వెళ్తే వీధిలో నీళ్ళు ఎంతసేపు నిలుస్తాయో, పార్కింగులోకి వస్తాయో లేదో తెలుస్తుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నెల్లూరులో భగత్‌సింగ్ కాలనీ, పొర్లుకట్ట, వెంకటేశ్వరపురం ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి. ఏ వీధిలో అయినా ఆ ఏడాది నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఎదురింటి పెద్దావిడను అడగండి, గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. ఒకసారి నీళ్ళొచ్చిన గ్రౌండ్ ఫ్లోరు అంటే తలుపులు, వైరింగు, మూడు నాలుగు నెలల ఖాళీ.

రెండోసారి మే నెలలో వెళ్ళండి, నీళ్ళ కోసం. ఒంగోలుకు తాగునీరు సాగర్ కాలువ నీళ్ళతో నింపుకునే చెరువుల నుంచి వస్తుంది. కాలువ ఆలస్యమైతే అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీద ఆధారపడతాయి. బోరు ఎంత లోతు, వేసవిలో నెలకు ఎన్ని ట్యాంకర్లు, ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు అని వాచ్‌మన్‌ను అడగండి. మెయింటెనెన్స్ మూడు వేలు దాటితే అద్దెవాళ్ళు ఆ మేరకు బాడుగ తగ్గించమంటారు.

కాగితాల్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ప్లాన్ అప్రూవల్, సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందో లేదో వకీలు చేత చూపించండి. కొత్త ప్రాజెక్టు అయితే ఏపీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటితే అది తప్పనిసరి. అసోసియేషన్ నుంచి బకాయిలు లేవని కాగితం రాయించుకోండి, నేను 2017లో వదిలేసింది ఇదే. కరెంటు బకాయి ఉంటే అది సర్వీసు నంబరు మీదే ఉంటుంది కాబట్టి పాత బిల్లు కూడా చూడండి.

తొమ్మిదో అడుగు: అద్దెకిచ్చే రోజు

అగ్రిమెంటు సాధారణంగా పదకొండు నెలలకు రాసుకుంటారు. అడ్వాన్సు రెండు మూడు నెలల బాడుగకు మించి అడగకండి. మంచి కుటుంబాలు అక్కడే వెనక్కి వెళ్తాయి. మీటరు రీడింగు, గోడలు, బాత్రూము ఫిట్టింగులు ఫోనులో ఫోటోలు తీసి ఇద్దరూ ఉంచుకోండి. ఖాళీ చేసే రోజు గొడవలు సగం తగ్గుతాయి. సమయానికి బాడుగ ఇచ్చి ఇల్లు శుభ్రంగా ఉంచే వాళ్ళు దొరికితే ఏటా పెంచాల్సిందేనని పట్టుబట్టకండి. 600 పెంచబోయి వాళ్ళను పోగొట్టుకుంటే ఒక నెల ఖాళీకే 13,000 పోతుంది. ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది.

ఏటా ఏప్రిల్‌లో ఇంటిపన్ను కట్టడానికి కూర్చున్నప్పుడు ఈ కాగితం మళ్ళీ తీయండి. పోయిన ఏడాది చేతికి మిగిలింది ఎంత, అదే వీధిలో ఇప్పుడు ఇలాంటి ఇల్లు ఎంతకు అమ్ముడుపోతోంది, ఎఫ్‌డీ వడ్డీ ఎంత, ఈ మూడూ కొత్తగా రాసి లోటు శాతం మళ్ళీ తీయండి. ఈసారి ఎఫ్‌డీ వడ్డీని కొన్నప్పటి 47 లక్షల మీద వేయకండి. ఇప్పుడు అమ్మితే చేతికి వచ్చే మొత్తం మీద వేయండి. మూడేళ్ళు వరుసగా ఆ శాతం పెరుగుతూ, ఇంటి ధర కదలకుండా ఉంటే, ఆ ఏడాది మేలోపు అద్దెవాళ్ళకు ముందుగా చెప్పి అమ్మకానికి పెట్టడం మంచిది. నా పొదలకూరు రోడ్డు ఫ్లాటును నేను అలాగే మొన్న వేసవిలో అమ్మేశాను. ఆ డబ్బులో కొంత మా మిద్దె మీద పోర్షన్‌కు పెట్టాను. ప్లాస్టరింగు పూర్తయింది, పుష్యం వెళ్ళగానే టూలెట్ బోర్డు పెడతాను.